చెంబు మునిగే ఎత్తు

మృగశిర కురిస్తే ముసలెద్దు కూడా రంకె వేస్తుందని మా పార్వతీపురం వైపు ఓ మాట ఉంది. ఆ ఏడు రాయ్‌పూర్‌లో మృగశిర కార్తె దంచి కురిసింది. ఆ వానలో నిలబడి సూరిబాబు గారు నన్ను పెళ్ళి చేసుకుంటావా అని అడిగారు. నవ్వితే నవ్వండి. నాకూ ముందు నవ్వే వచ్చింది.

నేనెవరో చెప్పాలి కదా. నా పేరు అన్నమ్మ. మా ఆయన ఇక్కడి రైల్వే వ్యాగన్ల షాపులో వెల్డరుగా చేస్తూ పోయాడు. ఉన్న ఒక్క కూతురు ఉమారాణిని బీర్‌గావ్‌లో ఇచ్చాను. ఇక నాకు మిగిలింది ఆరు మేకలు, ఒక నోరు. ఆ నోరు సంగతి కాలనీలో ఎవర్నడిగినా చెబుతారు. సూరిబాబు గారు అదే షాపులో ఫిట్టరు, మా ఆయనకంటే వయసులో పెద్ద, ఆ వేసవిలోనే రిటైరయ్యారు. ఆయన భార్య పోయి పదకొండేళ్ళు. కొడుకు దుర్గారావు సిల్తారాలో స్పాంజి ఐరన్ ప్లాంటులో సూపర్‌వైజరు.

మా కాలనీ వెనక, పాత సైడింగు పట్టాలకు అవతల ఎర్ర మొరం నేల ఒకటి ఉంది. ఇక్కడివాళ్ళు అలాంటి నేలను భాటా అంటారు. దాన్ని ఎవరూ దున్నరు, అందులో ఎవరూ ఇల్లు కట్టరు. వాన పడితే గడ్డి, వాన పోతే దుమ్ము. మేకలున్న నాలాంటి వాళ్ళకూ, గేదెలున్న రామమూర్తి లాంటి వాళ్ళకూ, చుట్టుపక్కల ఆవులన్నీ కాసే బుధారుకూ అదే ఆధారం. ఆ మధ్యాహ్నం నా మేకలు లోపలికి దూరకుండా దాని చుట్టూ వేసిన ముళ్ళకంచె దగ్గర కాపలా ఉన్నాను. సూరిబాబు గారు గొడుగేసుకుని వచ్చారు. వచ్చి ఆ గొడుగు నాకు పట్టకుండా నా చూలు మేకకు పట్టారు.

“అన్నమ్మా, దుర్గారావుకి రాయగఢ్‌లో పెద్ద పోస్టు దొరికింది. చవితి ఎల్లాక ట్రక్కు మాట్లాడతాడట. క్వార్టరు ఖాళీ చేసీసి నన్నూ వొచ్చీమంటన్నాడు.”

“మంచిదే గదా బావగారూ.”

“ఏటి మంచిది. నాకు ఎల్లాలని లేదు. బీర్‌గావ్‌లో రెండు గదుల ఇల్లు చూసినాను. ఎనకాల మేకలకి షెడ్డు కూడా ఉంది.”

“మీకు మేకలెక్కడివి?”

“నీకున్నాయి గదా.” ఆయన మేక వైపే చూస్తూ అన్నారు. “నువ్వు ఊఁ అంటే అక్కడ ఉండిపోదాం. పెళ్ళి చేసుకునే ఉందాం, లోకులకి పని కల్పించడం ఎందుకు. ఊహూఁ అంటే చవితి ఎల్లాక నాను ట్రక్కెక్కీస్తాను. బస్, అంతే.”

కాదనాలని నాకు లేదు. ఆ మాట ఇప్పుడే చెప్పేస్తున్నాను, దాచి ఏం చేసుకోను. ఆయన సైకిలు గంట వినిపిస్తే నా చెయ్యి జుట్టు సర్దుకోవడం మొదలుపెట్టి అప్పటికి చాన్నాళ్ళయింది. కానీ మనవణ్ణి ఎత్తుకున్న మనిషి వానలో నిలబడి టక్కున ఊఁ అనేస్తే బాగుంటుందా? ఏదో ఒకటి అనాలి కాబట్టి, ఆ పూట బుర్రలో తిరుగుతున్న మాట అనేశాను.

“చెంబు మునగనీండి. అప్పుడు చెప్తాను.”

ఆయన గొడుగు మేకకే వదిలేసి, తడుసుకుంటూ, ఈల వేసుకుంటూ వెళ్ళిపోయారు.

చెంబు సంగతి మీకు తెలియదు. అది మా భాటా కట్టుబాటు, పెట్టింది నేనే. కొత్తగా మొలిచిన పచ్చిక చూస్తే పశువుకు పిచ్చెక్కుతుంది. పశువును చూస్తే మనిషికి జాలేస్తుంది. కానీ గడ్డి ఆ మొదటి ఆకులు తీసేది వేళ్ళలో దాచుకున్న సత్తువతో. ఆ ఆకులు ఎండ తాగి, అప్పు తీర్చినట్టు ఆ సత్తువను వేళ్ళకు తిరిగి పంపేదాకా వాటి జోలికి పోకూడదు. అప్పుడే కొరికిస్తే మళ్ళీ ఆకు తీయడానికి దాని దగ్గర ఏమీ ఉండదు. ఓపిక పడితే పిలకలు తొడుగుతుంది, ఒక మొక్క గుబురవుతుంది. ఆ తర్వాత కాడ లోపల వెన్ను పుట్టి పొట్టకొస్తుంది. అదీ మేపాల్సిన వేళ. ఆకు మెత్తగా ఉంటుంది, కాడ తియ్యగా ఉంటుంది, పాలు చిక్కగా వస్తాయి. ఆ వేళ దాటితే వెన్ను బయటికొచ్చి గింజ కడుతుంది. మా భాటా గడ్డి గింజకు సూదిలాంటి ముల్లుంటుంది. అది మేక మూతిలో గుచ్చుకుంటుంది, తోలులోకి దూరుతుంది, మన చీర కుచ్చిళ్ళు పట్టుకుని ఇంటిదాకా వస్తుంది. ఇక ఆ గడ్డిని పశువు వాసన కూడా చూడదు.

ఇదంతా మా నాన్న గొర్రెలు కాస్తూ నాకు నేర్పాడు. నాకు తెలిస్తే సరిపోతుందా, ఊరంతా వినాలి కదా. ఏటా కంచె దగ్గర పెద్ద గొడవ. ఎవరి పశువు ఆకలి వాళ్ళకుంటుంది కాబట్టి ఎవరి కంటికి వాళ్ళకు గడ్డి ఎత్తుగానే కనబడుతుంది. నాకు విసుగెత్తి ఓ ఏడాది మా అమ్మ ఇత్తడి చెంబు తెచ్చి భాటా నడుమ ఒక బండరాయి మీద పెట్టాను. కంచె గుమ్మంలో నిలబడి చూడండి, చెంబు అగుపిస్తే మూత, గడ్డిలో మునిగితే తెరుపు, ఇంకెవరూ నాతో మాట్లాడొద్దు అన్నాను. మంచి వానలు పడ్డ ఏడు చెంబు మునిగేటప్పటికి గడ్డి సరిగ్గా పొట్టకు తయారవుతుంది. అప్పట్నుంచి గొడవలు తగ్గాయి. చెంబుతో ఎవరు వాదిస్తారు?

సూరిబాబు గారికి నా మాట సిగ్నలులా తగిలింది. జీవితమంతా రైల్వేలో పనిచేసిన మనిషి. ఎర్రదీపం వెలిగినంతసేపూ ఆగాలి, పచ్చదీపం వెలగ్గానే కదలాలి, మధ్యలో మనసు, సిగ్గు లాంటివి ఉంటాయని ఆయనకు తోచదు. రోజూ పొద్దున్నే కంచె దగ్గరికి వచ్చేవారు. షాపులో వాడిన స్టీలు స్కేలు జేబులోంచి తీసి, వంగి, గడ్డిని కొలిచేవారు. “పెరుగుతంది, పెరుగుతంది” అని తనలో తనే అనుకుని వెళ్ళేవారు. మొదట్లో ఆ కొలత ఎందుకో ఎవరికీ తెలియదు. ఓ రోజు రామమూర్తి అడిగితే ఈయన దాచకుండా చెప్పేశారు. సాయంత్రానికి కాలనీ అంతా పాకిపోయింది.

ఇక చూడండి నా పాట్లు. కుళాయి దగ్గరకెళితే “అన్నమ్మత్తా, గడ్డి ఎంతవరకొచ్చింది?” కిరాణా కొట్టుకెళితే “మోకాలు దాటిందా?” పాల కోసం వచ్చే పిల్ల కూడా చెంబు మాటే ఎత్తి కిసుక్కున నవ్వేది. నేను పైకి కస్సుమనేదాన్ని. ఇంట్లోకొచ్చి తలుపేసుకుని అద్దంలో చూసుకుని నవ్వుకునేదాన్ని. అంతమంది ఏడిపిస్తుంటే ఒళ్ళు తేలిపోయేది, అదేం వింతో నాకే తెలియదు.

ఉమారాణి ఫోను చేసింది. నేను భయపడుతూ ఎత్తాను.

“అమ్మా, నాను ఇన్నది సచ్చా? పెదనాన్న నిన్ను అడిగీసినాడట గదా.”

“అడిగితే?”

“అడిగితే ఏటి, ఇక మీదట పెద తీసీసి నాన్నా అంటాను. అంతే గదా. గడ్డికి యూరియా ఏయించమంటావా, మా ఆయనకి సెప్తాను.”

“యూరియా ఏస్తే పశువులకి విషం అవుద్ది. ఫోను పెట్టీ.”

వాళ్ళత్తగారు సూరమ్మ మాత్రం ముక్కు విరిచింది. ఈ వయసులో ఈ సోకులేటి, నలుగురూ ఏటనుకుంటారు అని నాతోనే అంది. నలుగురిలో ముగ్గురు గడ్డి పెరగాలని కోరుకుంటున్నారు, నాలుగోదానివి నువ్వే అన్నాను. ఆవిడ మూతి ముడుచుకుంది. కానీ ఆ మర్నాటి నుంచి బీర్‌గావ్ నుంచి మా ఇంటికి వచ్చినప్పుడల్లా భాటా మీదుగా చుట్టు తిరిగి రావడం మొదలుపెట్టింది. దారి తప్పాను అనేది.

గడ్డి మాత్రం ఎవరి తొందరా పట్టించుకోలేదు. ఆరుద్ర వెళ్ళి పునర్వసు వచ్చింది. పిలకలు అప్పుడే తొడుగుతున్నాయి. గడ్డి చెంబు నడుము దాకా వచ్చింది, పైన సగం మిలమిలలాడుతూ బయటే ఉంది. బుధారు తన ఆవుల్ని కాలువ గట్టు మీద తిప్పుతూ నాతో “కాందీ అభీ నాన్‌కన్ హవయ్, దీదీ” అనేవాడు. గడ్డి ఇంకా చిన్నదే అని. తెలుసురా బాబూ, నాకంటే ఎక్కువ ఎవరు చూస్తున్నారు అని మనసులో అనుకునేదాన్ని.

అలా ఉండగా ఒక ఉదయం భాటా వైపు నుంచి పెద్ద కోలాహలం వినిపించింది. పరుగెత్తాను. కంచె గుమ్మం బార్లా తెరిచి ఉంది. కాలనీ పశువులన్నీ లోపలే ఉన్నాయి. నెలల తరబడి ఎండుగడ్డి నమిలిన జీవాలు, లేత పచ్చిక మీద పడి వెర్రెత్తిపోతున్నాయి. రామమూర్తి ముసలి గేదె తోక ఎత్తుకుని గుండ్రంగా పరుగెడుతోంది. నా మేకపోతు నాలుగు కాళ్ళ మీదా ఒకేసారి ఎగిరెగిరి పడుతోంది. చిరుజల్లు కురుస్తోంది. చూడ్డానికి ఎంత సంబరంగా ఉందో చెప్పలేను, నా కడుపు మాత్రం మండిపోయింది.

“ఎవరు తీసినారు కంచె?” అని అరిచాను.

“నానే తీసినాను అప్పా.” నన్ను అక్కలా అప్పా అని పిలిచే రామమూర్తి అమాయకంగా ముందుకొచ్చాడు. “పొద్దున్న వొచ్చి చూస్తే చెంబు అగుపడలేదు. మునిగిపోనాది గదా.”

చెంబు మునిగిందా? కోపం ఎటు పోయిందో పోయింది. అయితే ఇవాళే చెప్పాలన్నమాట, ఇవాళే. పశువుల మధ్యనుంచి తోసుకుంటూ భాటా నడుమకు వెళ్ళాను. బండరాయి పక్కకు దొర్లించి ఉంది. దాని చోట కొత్తగా తవ్విన గొయ్యి ఉంది. గోతిలో అంచుదాకా దిగబడి మా అమ్మ చెంబు ఉంది. ఎవరు తవ్విన గోతిలో వాళ్ళే పడతారంటారు. కానీ ఆ క్షణంలో కాలు జారి అందులో పడింది నేను.

లేచి చూస్తే ఎదురుగా సూరిబాబు గారు. గోళ్ళనిండా ఎర్రమట్టి.

“ఏటిది బావగారూ?”

“ఏం లేదు అన్నమ్మా. కొంచెం దింపినాను. ఎప్పుడో మునిగేదే గదా, ఇప్పుడైతే ఏటి, అప్పుడైతే ఏటి అనుకున్నాను. వీళ్ళు పశువుల్ని తోలీస్తారని నాకు తట్టలేదు.”

నాకు నవ్వు తన్నుకొచ్చింది. అరవై దాటిన పెద్దమనిషి నా మాట కోసం దొంగతనంగా గొయ్యి తవ్వాడు. ఎవరు తవ్వారు నా కోసం ఇంతవరకు? కానీ చుట్టూ జనం చేరారు, గడ్డి చూస్తుంటే మొదలంటా కొరికేసి ఉంది, నా ఒళ్ళంతా బురద. నవ్వితే పరువు పోతుందని నోరు తెరిచాను. కాలు జారితే తీసుకోగలం గానీ నోరు జారితే తీసుకోలేమని పెద్దవాళ్ళు ఊరికే అనలేదు.

“వినండి అందరూ. ఈసారి చెంబు గడ్డిలో మునగాలి, గోతిలో కాదు. అంతవరకూ ఈయన నా గుమ్మం తొక్కకూడదు. మునిగితే నా మాట చెప్తాను. మునగలేదా, ఈయన రాయగఢ్ ఈయనది, నా మేకలు నావి. పక్కా.”

ఆయన తల వంచుకుని పక్కా అన్నారు. ఆ పూట లేత మేత పడక పశువులన్నీ పారుకున్నాయి. కాలనీలో రెండ్రోజులు ముక్కు తెరిచే వీలు లేకపోయింది. ఆ కంపుకు అందరూ సూరిబాబు గారినే తిట్టారు.

ఆ తర్వాత శ్రావణం మబ్బులు చూపించింది గానీ చినుకు రాల్చలేదు. వేళ్ళలో ఉన్నదంతా పెట్టి తీసిన ఆకు పశువుల పాలయింది. మళ్ళీ తీయాలంటే గడ్డి దగ్గర సత్తువ లేదు, పైన నీళ్ళు లేవు. భాటా గుండు కొట్టించినట్టు అలాగే ఉండిపోయింది. చెంబును మళ్ళీ బండ మీద నిలబెట్టాను. నాలుగు వైపుల నుంచీ నిక్షేపంగా కనబడేది. అది అలా మెరుస్తుంటే దాన్ని తన్నాలనిపించేది.

సూరిబాబు గారు మాట తప్పలేదు, గుమ్మం తొక్కలేదు. పోనీ ఊరికే కూర్చున్నారా అంటే అదీ లేదు. పొద్దున్నే సైకిలేసుకుని ఎక్కడెక్కడికో పోయి సుబాబుల్ రొట్ట కోసుకొచ్చి, పశువులున్న ప్రతి ఇంటి గోడమీదా ఒక మోపు పెట్టి వెళ్ళేవారు. తన వల్ల మేత పోయింది కాబట్టి తను తేవాలని ఎవరూ చెప్పకుండానే మొదలుపెట్టారు. మా గోడమీద పెట్టే మోపు అందరి మోపులకంటే పెద్దది. అది పెట్టేసి గంట కొట్టకుండా సైకిలు నడిపించుకుంటూ పోయేవారు. నేను కిటికీ చాటునుంచి చూసేదాన్ని. పిలవాలని ప్రాణం కొట్టుకునేది. నలుగురి ముందు పక్కా అన్నది నేనే కదా, ఏ మొహంతో పిలవను? మింగలేక కక్కలేక ఆ నెలంతా మేకల్ని తిట్టుకుంటూ గడిపాను. పాపం, వాటికేమీ అర్థం కాలేదు.

భాద్రపదం వస్తూనే వానలు మళ్ళీ పట్టాయి. వీధి చివర వినాయకుణ్ణి నిలబెట్టారు, లౌడ్‌స్పీకర్లు మోగాయి, భాటా మళ్ళీ పచ్చబడింది. నాలో ఆశ లేచింది. రోజూ వెళ్ళి చూసేదాన్ని. గడ్డి లేచింది, లేచి జానెడెత్తు దగ్గర ఆగింది. ఎందుకాగిందో నాకు తెలుసు, తెలిసి కూడా ఒప్పుకోలేకపోయాను. ఆ మాసంలో పగలు కురచవుతుంది. గడ్డికి ఆ సంగతి తెలుస్తుంది. ఇక ఎత్తు పెరిగే పని మానేసి గింజ పనిలో పడుతుంది. పొట్టిదైనా సరే, బక్కదైనా సరే, ఉన్నంతలో ఈనేస్తుంది. ఆ ఏడు ఆ చెంబు ఇక మునగదు.

చవితి వెళ్ళిపోయింది. వినాయకుణ్ణి నిమజ్జనం చేసిన మర్నాడు సూరిబాబు గారి క్వార్టరు ముందు ట్రక్కు వచ్చి నిలబడింది. మంచాలు, బీరువా, నీళ్ళ డ్రమ్ము ఎక్కిస్తున్నారు. నేను చూడలేక భాటాకు వెళ్ళిపోయాను.

వెళ్ళి గడ్డిలో కూర్చున్నాను. చెయ్యి ఊరికే ఉండదు కదా, ఒక కాడ పట్టుకుని మొదట్లో నొక్కాను. లోపల ఉబ్బుగా తగిలింది. గోటితో చీల్చి చూశాను. తెల్లటి లేత వెన్ను, పట్టుదారంలా మెత్తగా, తడితడిగా ఉంది. ఇంకో కాడ చీల్చాను, అదీ అంతే. గట్టు మీద ఒకటి రెండు అప్పటికే వెన్ను కొస బయటపెట్టాయి. ఒక ఎండ కాస్తే మిగతావీ పెట్టేస్తాయి. ఆపైన ముల్లే. జానెడెత్తుంటే ఏం, గడ్డి నిండు పొట్టతో ఉంది. దాని వేళ వచ్చేసింది, నేనేమో ఇంకా చెంబు వైపు చూస్తూ కూర్చున్నాను. నా తెలివికి నాకే ఏడుపు వచ్చింది, వెంటనే నవ్వూ వచ్చింది. రెండూ కలిసి వస్తే ఎలా ఉంటుందో అలా ఉన్నాను. లేచి కంచె దగ్గరికి పరుగెత్తాను.

“రామమూర్తీ, బుధారూ, రండి. పశువుల్ని తోలండి, జల్దీ.”

కేకకు కాలనీ సగం కదిలి వచ్చింది. రామమూర్తి గేదె పలుపు పట్టుకుని గుమ్మం దగ్గర ఆగిపోయాడు. ఒకసారి దెబ్బతిన్న మనిషి కదా, లోపలికి తొంగి చూశాడు.

“చెంబు అగుపడతంది గదా అప్పా.”

“అగుపడనీ.”

“మరి కట్టుబాటు?”

“కట్టుబాటు నాను పెట్టినాను, నానే తీసీసినాను. గడ్డికి చెంబు తెలుస్తాదేటి? పొట్టకొచ్చీసింది చూడు. ఇయ్యాల మేపితే పాలు, ఎల్లుండికైతే ముల్లు. నీకేది కావాలి?”

అతను ఒక కాడ పెరికి చూసుకుని గేదెను వదిలాడు. వెనకే బుధారు ఆవులు, వాటి వెనక మేకలు లోపలికి పోయాయి. ఈసారి పిచ్చి పరుగుల్లేవు. తల దించి పరపరా మేస్తున్న చప్పుడు భాటా అంతా వినిపించింది. ఏ సంగీతమూ నా చెవికి అంత బాగా తోచలేదు. ఇంతలో సూరమ్మ, దారి తప్పిందో ఏమో ఆ పూట కూడా అక్కడే ఉంది, నా పక్కకు వచ్చి నిలబడింది.

“కంచె తీసినావు, సరే. ఆ రెండో మాట సంగతేటి?”

అందరూ ఆ ప్రశ్న విన్నట్టున్నారు. పలుపులు ముడి వేస్తున్న చేతులు ఆగిపోయాయి. అప్పుడే ట్రక్కు కాలనీ గేటు దాటి, భాటా పక్క రోడ్డు మీదికి వచ్చి ఆగింది. సూరిబాబు గారు దిగారు. ఉతికిన చొక్కా వేసుకున్నారు, చేతిలో సంచి ఉంది. కంచె బయటే నిలబడి, పశువులన్నీ మేస్తుండటం చూసి, మెడ చాచి భాటా నడుమకు చూశారు. చెంబు బండ మీద మెరుస్తోంది. ఆయన మొహం ముందు వెలిగింది, తర్వాత చిన్నబోయింది.

“మునగలేదు గదా,” అన్నారు, ఎవరితోనో తెలియకుండా. “సరేలే. పశువులకైనా మేత దొరికింది.”

ఆ మాట అని మా మేక దగ్గరికి వచ్చారు. అది మృగశిర వానలో ఆయన గొడుగు పట్టిన మేక, ఇప్పుడు రెండు పిల్లల తల్లి. కంచె మీంచి వంగి దాని నుదురు నిమిరి, వెనక్కి తిరిగి ట్రక్కు వైపు నడిచారు. డ్రైవరు ఇంజను ఆపలేదు, దుర్గారావు క్యాబిను తలుపు తెరిచి పట్టుకుని ఉన్నాడు.

పిలవాలి. బావగారూ అని పిలవబోయాను. ఇన్నేళ్ళుగా రోజూ అన్న పిలుపు, ఆ పూట గొంతులోంచి రాలేదు. ఆ పిలుపుతో పిలిస్తే ఆయన ఆగి, చెప్పు అన్నమ్మా అంటారు. నేను ఏదో అంటాను, ఆయన వెళ్ళిపోతారు. నాకు భయమేసింది. కళ్ళు మూసుకుని, ఊపిరి బిగబట్టి, నోటికి ఏది వస్తే అది రానిచ్చాను.

“ఏవండీ.”

రామమూర్తి తల తిప్పాడు. పలుపు పట్టుకున్న పెళ్ళాం అక్కడే ఉంది కాబట్టి అలవాటుగా ఆమె వైపు చూశాడు. రోడ్డు పక్క ఇంటి బంగారయ్య గారు అరుగు మీంచి లేచి తన భార్య కోసం వెతికారు. ట్రక్కు డ్రైవరు కూడా తెలుగువాడేమో, కిటికీలోంచి తొంగి చూశాడు. కాలనీలో పెళ్ళయిన ప్రతి మగాడూ ఆ కేకకు తిరిగి చూశాడు, సూరిబాబు గారు తప్ప. ఆయన నడుస్తూనే ఉన్నారు. పదకొండేళ్ళుగా ఆయన్ను ఆ పిలుపు పిలిచినవాళ్ళు లేరు. అది తన కోసం కాదనుకున్నారు.

“ఏవండీ, మిమ్మల్నే. ఆ మేకపోతు రోడ్డెక్కీసింది, కాస్త మళ్ళించండి.”

ఆయన ఆగారు. ఆ తర్వాత సంచి నేలమీద పెట్టి, కళ్ళు తుడుచుకుని, నా మేక వెనక పరుగెత్తారు.